గోడకు బెజ్జం వేసే మిషనూ, మన పెద్దల ఉలీ



పోయిన నెల మన సంఘం కూటంలో "చదువు ఆగిపోయిన పిల్లోళ్ళకు మనం ఏం చేయగలం" అనే మాట వచ్చింది. మేము లేచి హామర్ మిషను సంగతి చెప్పబోయినాము. అంతలో కాఫీ వచ్చింది, మాట పక్కకు పోయింది. ఆ రోజు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాము. కొంచెం పొడుగు. తీరిక ఉన్నప్పుడు చదవండి. మేము అని రాస్తే ఇంట్లో ఇద్దరమూ అనుకోండి. ఈ కథలో సగం తెలివి మా ఇంటావిడదే.

మా వీధి చివర ఇంట్లో ఒక పిల్లోడు ఉన్నాడు. వరసకు మనవడు. మమ్మల్ని తాత, అవ్వ అని పిలుస్తాడు. వయసు ఇరవై నాలుగు. వాళ్ళ నాయన కొత్తనారు పని చేసి చేసి, ఊపిరితిత్తుల జబ్బుతో నాలుగేళ్ళ కిందట పోయినాడు. పిల్లోడు పదో తరగతితో చదువు ఆపి, మెట్లకూ మిద్దెలకూ స్టీల్ రెయిలింగులు బిగించే పని నేర్చుకున్నాడు. రెండేళ్ళు ఒకరి కింద కూలికి చేసి, పోయిన సంవత్సరం వాయిదాల మీద సొంతంగా ఒక రోటరీ హామర్ డ్రిల్లు కొన్నాడు. కొన్న రోజే ఆ పెట్టెను సిరువాపురి మురుగన్ కోవెలకు తీసుకుపోయి పూజ చేయించుకొని వచ్చినాడు. సొంత ఇల్లు కావాలని మంగళవారాలు జనం వచ్చి మొక్కుకునే చోటు కదా అది. "ఇల్లు కావాలనేవాళ్ళు అంతమంది ఉండారు తాతా, ఇంటికొక రెయిలింగు వచ్చినా నాకు చాలు" అని నవ్వినాడు.

ఈ ఏడు ఆడికృత్తికకు ముందు వాడికి తిరుత్తణిలో ఒక లాడ్జీ పని దొరికింది. మూడు అంతస్తుల మెట్లకు రెయిలింగు. కావళ్ళు ఎత్తుకొని జనం దిగేలోగా ముగించాలి. ఒక్కొక్క కాలు కింద ఇనుప పలక, పలకకు నాలుగు బెజ్జాలు, బెజ్జానికొక యాంకర్ బోల్టు. కాంక్రీటులో వందల బెజ్జాలు అన్నమాట. రెండో రోజు మధ్యాహ్నం మిషను తిరుగుతుంది గానీ కొట్టడం మానేసింది. బిట్టు కాంక్రీటు మీద గిర్రున తిరిగి, తెల్లగా గీత గీసి, వేడెక్కి నల్లబడుతుంది. లోపలికి దిగదు.

దగ్గరలో ఉన్న రిపేరు అంగడికి పోయినాడు. ఆయన మిషనును చెవి దగ్గర పెట్టుకొని ఒకసారి ఆడించి, "లోపల అంతా అరిగిపోయింది, కొత్తది కొనుక్కో, దీన్ని పాత ఇనుముకు నేను తీసుకుంటా" అన్నాడంట. కొత్తదంటే ఎనిమిది తొమ్మిది వేలు. పాతదానికే ఇంకా ఆరు వాయిదాలు ఉన్నాయి.

ఆ రాత్రి మా ఇంటికి వచ్చినాడు. మిషను కోసం కాదు. గుమ్మిడిపూండి సిప్‌కాట్‌లో కాంట్రాక్టు కూలికి ఆళ్ళను తీసుకుంటున్నారంట, దానికి అప్లికేషన్ రాసి పెట్టమని. మన ఊళ్ళో చాలామందికి మేము రాసిన కాగితాలు ఉన్నాయి. గుమాస్తా పని చేసిన చేయి. రాసి ఇవ్వడం మాకు పెద్ద పని కాదు. పెన్ను తీసినాము కూడా. అయినా వాడి ముఖం చూసి అడిగినాము, ఏమైందిరా అని. చెప్పినాడు.

వంటింట్లోంచి విన్న మా ఇంటావిడ బయటికి వచ్చి ఒకే మాట అడిగింది. "తిరగతా ఉండాది కదా? గాలి పట్టడం లేదేమో. కుక్కర్ గ్యాస్కెట్ పోతే కుక్కర్ పారేస్తామా?"

మాకు నవ్వు వచ్చింది. తరువాత తెలిసింది, ఆమె చెప్పినదే సరి అని.

అప్లికేషన్ పక్కన పెట్టి, తెల్లారి వాకిట్లో పాత వార్తాపత్రిక పరిచి మిషను విప్పినాము. విప్పే ముందు ఒక పని చేసినాము, అది రైల్వే స్టోర్సులో వచ్చిన అలవాటు. మిషను మీద ఉండే చిన్న ప్లేటు తుడిచి, దాని మీది నంబర్లన్నీ ఒక కాగితంలో రాసుకున్నాము. స్టోర్సులో ప్రతి వస్తువుకూ ఎనిమిది అంకెల పీఎల్ నంబరు ఉంటుంది. బోల్టుకూ ఉంటుంది, బేరింగుకూ ఉంటుంది. "ఆ గుండ్రంగా ఉంటుందే, అది" అని అడిగితే ఎవరూ ఇవ్వరు. నంబరు చెప్తే ఏ మూల అరలో ఉన్నా దొరుకుతుంది. ఈ మిషన్లకూ అంతే. మోడల్ పేరు ఒకటే ఉన్నా, తయారైన కాలాన్ని బట్టి లోపలి భాగాలు మారిపోతాయి. మోడల్ పేరు కింద ఉండే పొడుగు నంబరే అసలు గుర్తు. ఆ నంబరును ఫోన్‌లో వెతికితే మిషనును ముక్కముక్కలుగా విడదీసి గీసిన బొమ్మ వస్తుంది. ప్రతి ముక్కకూ ఒక వరుస నంబరు, దాని పక్కన విడిభాగం నంబరు. ఆ బొమ్మ ముందు పెట్టుకుంటే చదువు రానివాడికి కూడా మిషను అర్థమవుతుంది.

అర్థం చేసుకున్నది చెప్తాము, ఎందుకంటే మన ఇళ్ళల్లో ఈ మిషను పట్టే పిల్లోళ్ళు చాలామంది ఉన్నారు.

ఇంట్లో కరెంటు పనికి వాడే మామూలు డ్రిల్లులో కూడా సుత్తి గుర్తు ఉంటుంది. అందులో పళ్ళు ఉన్న రెండు బిళ్ళలు ఒకదాని మీద ఒకటి రాసుకొని గడగడమంటాయి, అంతే. చప్పుడు ఎక్కువ, దెబ్బ తక్కువ. మన చేయి ఎంత నొక్కితే అంతే బలం. ఇటుక గోడకు సరిపోతుంది, కాంక్రీటు దగ్గర చేతులెత్తేస్తుంది.

రోటరీ హామర్ వేరు. ఇందులో మోటారు తిరుగుడును వాలుగా బిగించిన ఒక బేరింగు ముందుకూ వెనక్కూ ఆడే కదలికగా మారుస్తుంది. ఆ కదలికతో ఒక గొట్టంలో పిస్టన్ ఆడుతుంది. పిస్టన్ ముందర, దానికి తగలకుండా, ఒక ఇనుప గుండు ఉంటుంది. రెండింటికీ నడుమ గాలి తప్ప ఏమీ లేదు. పిస్టన్ ముందుకు వస్తే గాలి ముడుచుకొని స్ప్రింగులా ఆ గుండును విసురుతుంది. గుండు పోయి మరో ఇనుప ముక్కను కొడుతుంది, అది బిట్టు వెనుక భాగాన్ని కొడుతుంది. పిస్టన్ వెనక్కి పోతే గాలి గుండును వెనక్కి పీల్చుకుంటుంది. చేతిలో పట్టే చిన్న రకం మిషను నిమిషానికి నాలుగు వేల దెబ్బల దాకా కొడుతుంది. మామూలు డ్రిల్లు కొట్టే లెక్కలో ఇది పదో వంతు కూడా ఉండదేమో. కానీ దీని ఒక్కొక్క దెబ్బలో పస ఉంటుంది. చేత్తో గట్టిగా నొక్కనక్కర లేదు. బరువు ఆనించి పట్టుకుంటే చాలు, కొట్టే పని గాలి చేస్తుంది.

ఆ గాలి పక్కనుంచి జారిపోకుండా గుండు చుట్టూ ఒక రబ్బరు వళయం ఉంటుంది. ఓ-రింగు అంటారు. అది చదునుబడినా, పగిలినా గాలి పట్టదు. పిస్టన్ ఆడుతూనే ఉంటుంది, మోటారు బాగానే ఉంటుంది, గుండు మాత్రం కదలదు. సరిగ్గా కుక్కర్ గ్యాస్కెట్టే. మా పిల్లోడి మిషనులో ఆ వళయం రెండుగా తెగి ఉంది. చేతి గోరంత మందం కూడా లేదు. దాని కోసమా వాయిదాలు ఉన్న మిషనును పాత ఇనుముకు వేయమన్నది!

ఇక్కడ మేము చేసిన తప్పు చెప్పాలి. దాచి రాస్తే ఈ రాతకు అర్థం లేదు.

మన ఊళ్ళోనే నీళ్ళ మోటార్ల అంగడిలో రకరకాల రబ్బరు వళయాలు అమ్ముతారు. తెగినదాన్ని పక్కన పెట్టి, కంటికి సరిపోయినదాన్ని ఏరినాము. ఐదు రూపాయలు. ఇంట్లో ఉన్న చక్రాల గ్రీజు దట్టంగా పూసినాము. మూసి బిగించినాము. పెరట్లో రాతి మీద పెట్టి నొక్కితే టకటకమని కొట్టింది! మాకు గర్వం వచ్చింది. నలభై ఏళ్ళు కాగితాలు రాసినవాళ్ళం కదా, చేత్తో ఒక మిషను బాగు చేసినామంటే కొంచెం పొంగిపోయినాము. పక్కింటివాళ్ళకు కూడా చెప్పుకున్నాము.

పిల్లోడు తెల్లారి మొదటి బస్సుకే తిరుత్తణి పోయినాడు. పదకొండు గంటలకు ఫోను. మళ్ళీ నిలిచిపోయింది. ఈసారి మిషను మూతి నుంచి గ్రీజు కరిగి కారుతుందంట. విప్పి చూస్తే మేము వేసిన వళయం నలిగి పేస్టులా అయిపోయి ఉంది. నిమిషానికి వేల సార్లు రాసుకునే చోట, ఆ వేడిలో, నీళ్ళ పైపుకు చేసిన రబ్బరు ఎక్కడ నిలుస్తుంది? ఆ చోటుకు వేడిని తట్టుకునే రబ్బరు కావాలి, కొలత వెంట్రుకవాసి కూడా తేడా ఉండకూడదు. గ్రీజు కూడా అంతే. కంపెనీవాళ్ళు హామర్ కోసమే చేసిన గ్రీజు వేరే ఉంది, చెప్పినంతే వేయాలి.

లాడ్జీవాళ్ళు ఆ సాయంత్రమే పనిని ఇంకొకరికి ఇచ్చేసినారు. వాళ్ళను తప్పు పట్టలేము, వాళ్ళ పండుగ తొందర వాళ్ళది. రెండు రోజుల కూలి మాత్రం చేతిలో పెట్టినారంట. పిల్లోడు రాత్రి వచ్చి, "పరవాలేదు తాతా, నువ్వేం కావాలని చేసినావా" అన్నాడు. వాడు రెండు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది. ఆ రాత్రి మేము ఇద్దరమూ సరిగా తినలేదు. ఐదు రూపాయల దగ్గర మిగిలించుకుందామని చూసి, వాడికి ఒక పెద్ద పని పోగొట్టినాము.

పడుకుంటే నిద్ర రాక, మా తాతా, మా నాయనా గుర్తుకు వచ్చినారు. మా తాత, మా నాయన, పెదనాయన బావులు తవ్వినారు, బండలు పగలగొట్టినారు. మీలో చాలామంది ఇళ్ళల్లో అదే కథ. చిన్నప్పుడు సద్ది గిన్నె ఎత్తుకొని పోయి గట్టు మీద కూర్చొని చూసేవాళ్ళము. బండలో మందు కూరడానికి బెజ్జం కావాలంటే ఇద్దరు మనుషులు. నాయన పొడుగు ఉలిని రెండు చేతులా నిలబెట్టి పట్టుకుంటాడు. పెదనాయన సమ్మెట ఎత్తి దాని తల మీద కొడతాడు. దెబ్బ పడినప్పుడల్లా నాయన ఉలిని కొంచెం తిప్పుతాడు. కొట్టు, తిప్పు. కొట్టు, తిప్పు. నడుమ నడుమ నీళ్ళు పోసి, కొసన గరిటెలా వంచిన కమ్మితో పిండి తోడుతారు. మళ్ళీ కొట్టు, తిప్పు. పొద్దున మొదలు పెడితే మూరెడు లోతు దిగడానికి ఎంత సేపో!

ఎందుకు తిప్పాలి అని ఒకసారి అడిగినాము. "తిప్పకపోతే ఉలి ఒకే గాట్లో ఇరుక్కుంటాది. తిప్పితే ప్రతి దెబ్బా కొత్త రాయి మీద పడతాది" అన్నాడు నాయన.

మిషను బొమ్మ ముందు పెట్టుకొని చూస్తే అదే కదా అందులో ఉన్నది! గుండు కొడుతుంది, గొట్టం తిప్పుతుంది. బిట్టు మీది మెలికల గాడి పిండిని తోడుతుంది. బిట్టు కొసన అతికించిన టంగ్‌స్టన్ కార్బైడ్ ముక్క నాయన చేతి ఉలి మొన. పెదనాయన సమ్మెట ఆ ఇనుప గుండు. 1932లో జర్మనీలో బాష్ కంపెనీ కరెంటుతో కొట్టే హామర్‌ను అమ్మకానికి తెచ్చింది. అదే కంపెనీ 1975లో బిట్టును పెట్టి, తిప్పి, లాక్ చేసే ఎస్‌డీఎస్ అనే పద్ధతి తెచ్చింది. తాళంచెవితో చక్ బిగించే పని పోయింది. ఇప్పుడు అన్ని కంపెనీలవాళ్ళూ ఆ పద్ధతే వాడుతున్నారు. చిన్న మిషన్లకు ప్లస్ అని పది మిల్లీమీటర్ల కాడ, పెద్ద వాటికి మ్యాక్స్ అని పద్దెనిమిది మిల్లీమీటర్ల కాడ. ఒకటి ఇంకొకదానికి పట్టదు. కాడ చక్‌లో కొంచెం వదులుగా ముందుకూ వెనక్కూ ఆడుతుంది. అది పాడైపోయినట్టు కాదు, అలా ఆడితేనే దెబ్బ బిట్టుకు సూటిగా తగులుతుంది.

మా నాయన మమ్మల్ని బండ దగ్గరికి రానివ్వలేదు. "నీ చేతికి ఉలి వద్దు" అని తమిళ బడిలో వేసినాడు. ఆ చదువుతోనే రైల్వే ఉద్యోగం వచ్చింది, ఇల్లు వచ్చింది, పింఛను వస్తుంది. కాదనలేము. కానీ పనిముట్టు ఎలా చెడుతుంది, దానికి ఏది పెట్టాలి, ఏది పెట్టకూడదు అనేది నాయనకు తెలిసినంత మాకు తెలియదు. ఉలి మొన మొక్కబోతే కొలిమి దగ్గర కూర్చొని కాల్చి, సాగగొట్టి, నీళ్ళలో ముంచి, దాని రంగు చూసి పదును పెట్టేవాడు. కంటికి సరిపోయిందని ఏదో ఒకటి పెట్టేవాడు కాదు.

తెల్లారి పిల్లోణ్ణి వెంటబెట్టుకొని పొన్నేరిలో లోకల్ ఎక్కినాము. సెంట్రల్‌లో దిగి ప్యారీస్ దాకా నడిచినాము. లింగి చెట్టి వీధి, ఎర్రబాలు చెట్టి వీధి, గోవిందప్ప నాయకన్ వీధి. పేర్లు చదువుతూ నడుస్తుంటే మన పెద్దవాళ్ళ మధ్య నడుస్తున్నట్టే ఉంటుంది. మూడు అంగళ్ళు తిరిగినాము. నాలుగో అంగడిలో పెద్దాయన తల ఎత్తకుండానే "నంబరు చెప్పండి సార్" అన్నాడు. రిటైరైన తరువాత ఆ మాట విన్నది మళ్ళీ ఆ రోజే! మా కాగితం తీసి చదివినాము. ఆయన లోపలికి పోయి చిన్న ప్లాస్టిక్ కవరు తెచ్చినాడు. అందులో గుండు వళయం, ఇంకా మూడు నాలుగు వళయాలు. దాంతోపాటు హామర్ గ్రీజు ట్యూబు ఒకటి, కార్బన్ల జత ఒకటి, చక్ మూతికి తగిలించే రబ్బరు టోపీ ఒకటి. అన్నీ కలిపి వెయ్యికి లోపలే అయింది. డబ్బు మేము ఇచ్చినాము. పిల్లోడు వద్దన్నాడు. "ఇది సాయం కాదురా, మా తప్పుకు జరిమానా" అన్నాము.

ఆ పెద్దాయన ఊరికే చెప్పిన మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాము, ఎవరికైనా పనికొస్తాయి.

కార్బన్లు అరిగితే మోటారులో నిప్పురవ్వలు ఎక్కువ కనిపిస్తాయి, మిషను ఆగి ఆగి నడుస్తుంది. రెండూ ఒకేసారి మార్చాలి, ఒకటి మార్చి ఒకటి వదలకూడదు. పూర్తిగా అరిగేదాకా వాడితే ఆర్మేచర్ పాడవుతుంది, అప్పుడు వందల్లో పోయేది వేలల్లోకి పోతుంది. చక్ మూతి మీది రబ్బరు టోపీ చినిగితే, ముఖ్యంగా పైకప్పుకు బెజ్జాలు వేసేటప్పుడు, రాతి పిండి సూటిగా లోపలికి దిగి అన్నిటినీ అరగదీస్తుంది. టోపీ వెల తక్కువ, అది కాపాడేదాని వెల ఎక్కువ. బిట్టు కాడకు ప్రతిసారీ కొంచెం గ్రీజు తాకించి పెట్టాలి. బిట్టు మొన మొండిబారితే దాన్ని పారేయాలి. మొండి బిట్టుతో నొక్కి నొక్కి పని చేస్తే దెబ్బ తిరిగి మిషనుకే తగులుతుంది.

ఇంకొకటి. మిషనును గాలిలో పట్టుకొని ఆడిస్తే కొట్టదు. అది చెడిపోవడం కాదు. బిట్టును దేనికైనా ఆనించి నొక్కినప్పుడే గుండు పని మొదలు పెట్టేలా దాన్ని చేసినారు. చెవి దగ్గర పెట్టుకొని ఒకసారి ఆడించి "పోయింది" అని చెప్పేవాళ్ళ మాట నమ్మకండి.

ఇంటికి వచ్చి ఈసారి పిల్లోడి చేతనే విప్పించినాము. మేము బొమ్మ చూసి నంబర్లు చదివినాము, వాడు పెట్టినాడు. పాత గ్రీజు అంతా తుడిచి, కొత్తది ట్యూబు మీద చెప్పినంతే వేసినాడు. ఇంటావిడ ఒక్కొక్క స్క్రూను వరుసగా ఇడ్లీ ప్లేటు గుంటల్లో పెట్టించింది, ఏది ఎక్కడిదో మరిచిపోకుండా. మా పెరటి మెట్టు మీద పన్నెండు మిల్లీమీటర్ల బిట్టు ఆనించి నొక్కినాడు. వెన్నలో దిగినట్టు దిగింది. మేము ఏమీ గొప్పలు చెప్పుకోలేదు. వారం రోజులు గడిచి, ఫోను రాకపోయిన తరువాతే ఊపిరి పీల్చుకున్నాము.

సిప్‌కాట్ అప్లికేషన్ ఇంకా మా బీరువాలోనే ఉంది. వాడు మళ్ళీ అడగలేదు. తిరుత్తణి పని తిరిగి రాలేదు, దాని బాధ మాకు ఉంది. చిన్న చిన్న పనులు వస్తున్నాయి. వాయిదాలు కడుతున్నాడు.

ఇది రాయడానికి అసలు కారణం ఇంకొకటి ఉంది. ఆ రోజు పెరటి మెట్టు మీద బెజ్జం వేస్తుంటే తెల్లగా లేచిన పిండిని వాడు నోటితో ఉఫ్ అని ఊదినాడు. ఊది దగ్గినాడు. మా ఇంటావిడ ముఖం మాడిపోయింది. "వీళ్ళ నాయన కూడా ఇట్లే ఊదేవాడు" అనింది.

రాయిలోనూ ఇసుకలోనూ కాంక్రీటులోనూ సిలికా ఉంటుంది. దాని సన్న పిండి కంటికి కనిపించనంత చిన్నది. ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి రాదు, లోపల మచ్చలు కట్టి గట్టిపడేలా చేస్తుంది. దాన్ని సిలికోసిస్ అంటారు. వచ్చిన తరువాత తగ్గించే మందు లేదు, రాకుండా చూసుకోవడమే. 1948 ఫ్యాక్టరీల చట్టంలో తప్పకుండా ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బుల పట్టికలో అది ఉండేది. కానీ మన పిల్లోళ్ళు పని చేసేది ఫ్యాక్టరీలో కాదు కదా, ఎవరి ఇంటి మెట్ల మీదనో. ఎవరు తెలుపుతారు?

చేయాల్సినవి పెద్ద పనులు కావు. ముఖానికి కట్టే చేతిరుమాలు చాలదు, ఎన్95 మాస్కు కావాలి, అది ముక్కు దగ్గర సందు లేకుండా పట్టాలి. బెజ్జంలోని పిండిని నోటితో ఊదకూడదు. రబ్బరు బుడ్డి పంపుతో ఊదాలి, లేదా వాక్యూమ్‌తో లాగాలి. పిండి పూర్తిగా తీయకపోతే యాంకర్ బోల్టు కూడా గట్టిగా పట్టదు, కాబట్టి పనికీ అదే మేలు. కళ్ళద్దాలు పెట్టుకోవాలి. పక్క పిడి పీకేసి ఒంటి చేత్తో వేయకూడదు. బిట్టు లోపల కమ్మికి తగిలి బిగుసుకుంటే మిషను గిర్రున తిరిగి మణికట్టు విరుస్తుంది. నాయన ఉలి పట్టుకుంటే పెదనాయన మీద నమ్మకం ఉండేది. మిషనుకు ఎవరి చేతిమీదా కనికరం లేదు.

ఇప్పుడు సంఘానికి మా విన్నపాలు. మూడే.

మొదటిది. మన సంఘం తరఫున ఒక చెక్క పెట్టె పెడదాం. అందులో మన పిల్లోళ్ళ దగ్గర ఉన్న మిషన్లకు కావలసిన వళయాలు, కార్బన్లు, టోపీలు, గ్రీజు, ఒక డబ్బా మాస్కులు. అసలు వెలకే ఇద్దాం, ఊరికే వద్దు. లెక్క మేము రాస్తాము, నంబర్లతో సహా. ఆ పని మాకు బాగా వచ్చు. ఎవరి దగ్గర ఏ మిషను ఉందో ప్లేటు ఫోటో తీసి పంపండి.

రెండోది. తమిళనాడు కట్టడ కార్మికుల సంక్షేమ బోర్డు 1994 నుంచి ఉంది. ఈ పని చేసే పిల్లోళ్ళలో అందులో పేరు రాయించుకున్నవాళ్ళు మన వీధిలో లెక్కపెడితే ఒక చేతి వేళ్ళు చాలు. పద్దెనిమిది నిండితే రాయించుకోవచ్చు. అరవై దాటితే కొత్తగా రాయించుకోలేరు. కాగితాలు తీసుకొని ఆదివారం ఉదయం మా ఇంటికి రండి. అప్లికేషన్లు రాసి పెడతాము. కాఫీ ఇంటావిడ ఇస్తుంది.

మూడోది. మన సంఘం మేడకు మెట్లు ఉన్నాయి, పట్టుకోవడానికి రెయిలింగు లేదు. పోయిన కూటానికి వచ్చిన పెద్దవాళ్ళు ఒకరి భుజం ఒకరు పట్టుకొని ఎక్కినారు. మేమూ అట్లే ఎక్కినాము. ఆ పని ఈ పిల్లోడికి ఇద్దాం. జాలితో వద్దు. ముగ్గురి దగ్గర ధర అడిగి, వాడిది సరిగా ఉంటేనే ఇద్దాం, పూర్తి కూలి కడదాం. తిరుత్తణిలో మావల్ల పోయిన పనికి బదులని మేము అడుగుతున్నామని మీరు అనుకుంటే, అదీ నిజమే. దాచము.

కూటం తేదీ చెప్పండి. ఈసారి కాఫీ మాటలు అయిన తరువాత తెప్పించండి.

మేము బడిలో నేర్చింది తమిళం. తెలుగు అక్షరాలు రిటైరైన తరువాత మనవరాలి పలకతో నేర్చుకున్నాము. రాతలో తప్పులుంటే దిద్దండి, కోపం రాదు.

ఉంటాము.